పొగ ఎవరి పాలు?

చిన్న కారుకు కంపెనీ అమర్చిన ఎగ్జాస్ట్ మానిఫోల్డును ఊడదీసి, ఇంజను పొగ సులువుగా పోయి జోరు పెరుగుతుందని బజారులో కొన్న ‘హెడర్’ గొట్టాలు బిగిస్తుంటారు కొందరు యువకులు. “కారు నాది, డబ్బు నాది, తప్పేమిటి?” అంటారు.

ఆలోచించండి. అనేక చిన్న కార్లలో విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ మానిఫోల్డుతోనే కలిసి ఉంటుంది. ఒకటి తీస్తే రెండవదీ పోతుంది. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు 1995లో కన్వర్టరును తప్పనిసరి చేసింది ఇలాంటి విషాన్ని అరికట్టడానికే.

కారు మనదే, గాలి అందరిదీ. జోరు నడిపేవానికి, విషం వెనుక సైకిలుపై వచ్చేవానికి. లాభం ఒకరిదై, నష్టం అడగకుండానే మరొకరిదైతే దానిని స్వేచ్ఛ అనగలమా?

మీ అబ్బాయి హెడర్ కావాలంటే కోప్పడకండి. “కన్వర్టర్ ఉంటుందా, పోతుందా?” అని మాత్రం వెనుక వచ్చేవారి తరఫున అడగండి.