ఉన్నివంటి హిమము

డిసెంబరు మాసము రాగానే తెలుగు సంఘములలో సరుగుడు కొమ్మను నిలిపి దానిమీద దూదిని పరచుట వాడుక. ఆ దూది హిమమునకు గురుతు. కోస్తా గ్రామములోని సండేస్కూలు బాలునికి మంచు అనగా ధనుర్మాసపు వేకువను పొలముల మీద పొగవలె క్రమ్ముకొనునది, లేదా గడ్డిపరక మీది బిందువు. ప్రొద్దెక్కగానే అది మాయమగును. తెలుగున ఆ ఒక్క మాటయే దీనికిని, ఆకాశమునుండి రాలి నేలమీద మోకాలిలోతున నిలుచుదానికిని చెల్లుచున్నది. కనుక బైబిలు తర్జుమాదారులు హిమము అను సంస్కృత పదమును గైకొనిరి. అది సరియైన పనియే. అయితే ఆ పదము తెలుపును తెచ్చినంతగా బరువును తేలేదు. యెషయా మొదటి అధ్యాయము వినుచు పెరిగిన తెలుగు విశ్వాసికి హిమమనగా క్షమాపణ పొందిన హృదయము. ఇంటికప్పు కూలునేమో అని రాత్రి మేలుకొని పారతో దానిని త్రోసివేయువానికి అది మరియొకటి కూడ.

ఆ మరియొకదానినిగూర్చి సణుగుట పాపమగునా? దేవుడు పంపిన దానిని సగము మనస్సుతో అందుకొనువాడు అల్పవిశ్వాసియా?

కాశ్మీరు లోయలో డిసెంబరు 21 మొదలు 40 దినములను చిల్లై కలాన్ అందురు. అది చలికాలములోకెల్ల కఠినమైన భాగము. 2024 జనవరిలో ఆ దినములు మంచు లేకయే గడిచిపోవుచుండెను. గుల్మార్గు ఏటవాలులు గోధుమవన్నెతో బోసిగా నిలిచెను. మసీదులలో జనులు కూడి హిమముకొరకు ప్రత్యేక ప్రార్థనలు చేసిరి. చలికాలమున కొండలపై పేరుకొను హిమమే వేసవిలో వరిమడికిని తోటకును నీరు. ఆపిలు చెట్టుకు చాలినంత చలి తగులనియెడల వసంతమున అది సరిగా పూయదు. నెలాఖరున మంచు పడెను. పిమ్మట వచ్చిన వాతావరణములో జమ్మూ–శ్రీనగరు రహదారియు మూయబడెను, లారీలు బారులు తీరి నిలిచిపోయెను. అడిగినవారును ఆటంకపడినవారును వేరువేరు జనులు కారు.

147వ కీర్తన 16 మొదలు 18 వచనములలో కీర్తనకారుడు ఈ రెంటిని ఎడబాపలేదు. అతడు హిమమును ఉన్నితోను, నూగుమంచును బూడిదతోను, గడ్డకట్టిన మంచును ముక్కలతోను పోల్చెను. ముక్కలకు వాడిన హెబ్రీ మాట రొట్టెముక్కలకు వాడునదియే. ఉన్ని, బూడిద, రొట్టె — మూడును ఇంటిలోనివే, పొయ్యిచెంత కూర్చున్నవానికి కనబడునవే. అయినను ఆ ఊపిరితోనే, ఆయన చలియెదుట ఎవడు నిలువగలడని అతడు అడుగుచున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పక, గాలి విసరుటను, నీళ్లు పారుటను పాడుచున్నాడు. స్తుతికీర్తనలో ఇట్టి ప్రశ్నకు చోటున్నప్పుడు విశ్వాసి హృదయములో దానికి చోటుండుట వింత కాదు.

ఈ సందర్భమున 1 థెస్సలొనీకయులకు 5:18ని ఎత్తి చూపుట పరిపాటి. అచ్చట గ్రీకు మూలములో ఉన్నది ప్రతి స్థితియందును కృతజ్ఞతయే గాని ప్రతి కీడును గూర్చిన కృతజ్ఞత కాదని బోధకులు వివరించి, అంతటితో చిక్కు తీరినదందురు. తీరలేదు. ఎఫెసీయులకు 5:20లో సమస్తమును గూర్చి అనియే యున్నది. దానిని దాచుట న్యాయము కాదు. అయితే అపొస్తలుడు ఆ మాటను కృతజ్ఞతలు చెల్లించు సంఘమునకే వ్రాసెను. వెచ్చని గదిలో నున్నవాడు గడ్డకట్టుచున్న పొరుగువాని నోట దానిని పెట్టుటకు అందులో సెలవు కనబడదు.

2022 జనవరిలో పాకిస్తానులోని మర్రీ పట్టణమునకు హిమపాతము చూడవలెనని వేలాది బండ్లలో కుటుంబములు వెళ్లెను. ఒక్క రాత్రి కురిసిన మంచులో బండ్లు కదలలేక నిలిచిపోగా ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో చిన్నపిల్లలును కలరు. ఇంజను ఆపక, అద్దములు మూసి వెచ్చదనముకొరకు కూర్చున్నవారిని, పొగగొట్టము మంచుతో పూడుకొనగా లోనికి చేరిన విషవాయువు బలిగొనెనని నాటి వార్తలు తెలిపెను. వారు వెదకుచు వెళ్లినది అందమునే. హిమము నిర్మలమైనదని చెప్పు ప్రసంగము ఆ రోడ్డుమీద ఎవరికి వినిపింపదగును?

ప్రభువు చలికాలమునుగూర్చి పలికిన మాట ఒకటి మార్కు 13లో నున్నది. గర్భిణులను, పాలిచ్చు తల్లులను తలంచి వారి శ్రమనుగూర్చి పలికిన వెంటనే, ఆ పలాయనము చలికాలములో రాకుండునట్లు ప్రార్థించుడని ఆయన శిష్యులకు చెప్పెను. చలిని పంపు తండ్రినే, ఈ దినమున పంపవద్దని వేడుకొనుమని కుమారుడు నేర్పుచున్నాడు. ఆయన దృష్టి ఆకాశముమీద గాక, బిడ్డను మోయుచు నడువవలసిన స్త్రీమీద నిలిచియున్నది.

హిమాచల ప్రదేశములోని లాహౌల్ లోయకు ఈ మాట బాగుగా తెలియును. మొరేవియన్ మిషనరీలు 19వ శతాబ్దపు నడుమ అచ్చటి కేలాంగులో నివసించిరి. 1885లో వెలువడిన టిబెటన్ క్రొత్త నిబంధనలో అధికభాగమును తర్జుమా చేసిన యేష్కే 1857లో అచ్చటికి వచ్చెను. హిమము కలిగించిన ఏకాంతమే అట్టి పండితులకు దేవుని వరమని భక్తిరచనలలో వ్రాయుట సులభము. కాని 3,978 మీటర్ల యెత్తున నున్న రోహ్తాంగ్ కనుమ మూసికొనిపోగా, పుస్తకము లేనివానికిని అదే ఏకాంతము. రోగికిని, ప్రసవదినములు సమీపించిన స్త్రీకిని అది గోడ. 2020 అక్టోబరు 3న ఆ కొండక్రింద 9 కిలోమీటర్ల సొరంగము తెరువబడినది. ఇప్పటికిని మంచు చరియలు అప్పుడప్పుడు దారిని మూయుచున్నను, నెలల తరబడి ఎడబాటు లేదు. హిమమును తిట్టక, దానికి మ్రొక్కక, కొండను తొలిచిరి.

అంతకుమునుపు చలికాలమున లాహౌలువారికి బయటిలోకమునకు మార్గము ప్రభుత్వపు హెలికాప్టరు. మబ్బు పట్టినయెడల అది ఎగురదు. ఆ లోయలో బఠాణీ, బంగాళదుంప పైరులకు కొండమంచు కరిగి కాలువలలో దిగు నీరే ఆధారము. కనుక ఫిబ్రవరి ఉదయమున ఒకే గుమ్మమున నిలిచి, నిండు గర్భిణి ఆకాశము తేటపడవలెనని చూచుచుండగా, ఆమె మామగారు ఇంకను కొంత మంచు పడవలెనని అదే ఆకాశమును చూచుటకు కారణముండెను. సాయంకాలమున వారిద్దరును ఒకే పొయ్యిచెంత కూర్చుండవలసియుండెను.