సందేహించువారి సభ

సందేహము మంచిదా, చెడ్డదా అను విషయమున మన పూర్వులు ఏకాభిప్రాయము కలవారు కారు. సంశయాత్మునకు ఇహమునందును పరమునందును సుఖము లేదని గీతాచార్యుడు హెచ్చరించెను. న్యాయసూత్రకారుడైన గౌతముడో, మానవుడు తెలిసికొనవలసిన పదునాఱు పదార్థములను పేర్కొనుచు, ప్రమాణ ప్రమేయముల తరువాత మూడవదానిగా సంశయమునకే పీట వేసెను. ఒకరి దృష్టిలో అది వ్యాధి. మఱొకరి దృష్టిలో అది జ్ఞానమందిరమునకు వాకిలి. ఈ రెండు మాటలును నిజమే కావచ్చునని మేము గ్రహించుటకు చాల కాలము పట్టినది. అది గ్రంథములు చదివి గ్రహించినది కాదు. ఒక చిన్న సభను నడుపుచు, అందు రెండు తప్పులు చేసి, గ్రహించినది. ఆ తప్పులను పాఠక మహాశయుల యెదుట ఉంచుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌన్ అమలైనప్పుడు, ఈ చెన్నపట్టణమున మావంటి వారికి వీథి గడప దాటు భాగ్యము లేకపోయెను. అంతకు పూర్వము సాయంకాలములందు పార్కు బల్లపై కూర్చుండి ముచ్చటించుకొను అయిదాఱుగురము ఫోనులో వీడియో ద్వారా కలిసికొనుట నేర్చుకొంటిమి. ఆ దినములలో ప్రతివాని ఫోనునకును పూటకొక వైద్యము వచ్చుచుండెను. వేడినీరు త్రాగినచో వైరసు చచ్చునని ఒకరు పంపిరి. వెల్లుల్లి తిన్నచో రోగము దరిజేరదని మఱొకరు పంపిరి. “ఇది నిజమేనా?” అని ఒకరినొకరము అడుగుకొనుటతో మా సభ పుట్టినది. మిత్రుల మిత్రులు చేరిరి. నేడు ఆదివారము సాయంకాలము ఆఱు గంటలకు మైలాపూరు, పెరంబూరు, అంబత్తూరులనుండియే గాక, హైదరాబాదు, విశాఖపట్టణములనుండియు, అప్పుడే తెల్లవాఱిన డల్లాసు నగరమునుండియు ఇంచుమించు ముప్పదిమంది తెలుగువారు ఒక్క తెరమీద కూడుచున్నారు. వాస్తు, జాతకము, మహిమలు చూపు స్వాములు, ఫోనులో తిరుగు వైద్యములు, వీనిలో వారమునకొక విషయమును చర్చకు పెట్టుకొందుము. ఆధారము అడుగక దేనిని నమ్మరాదనునదియే సభకు నియమము. జీవితమంతయు గుమాస్తాగా హాజరుపట్టీలు వ్రాసినవారము గనుక సభను నడుపు భారమును మిత్రులు మాకే అప్పగించిరి.

నమ్మువారు కూడుట సులభము. భజనమండలిలో అందఱును ఒకే కీర్తన పాడుదురు. శ్రుతి కలిసిన చాలును. సందేహించువారు కూడుట అట్టిది కాదు. ఎవని సందేహము వానిది. అట్లయిన వారికి కూటమి యేల, ఎవరింట వారు కూర్చుండి సందేహింపరాదా అని కొందఱు మమ్ము పరిహసించిరి. అందుకు మా సమాధానము మా అనుభవమే. 1995వ సంవత్సరము సెప్టెంబరు 21వ తేదీన వినాయకుని విగ్రహములు పాలు త్రాగుచున్నవని దేశమంతట వార్త ప్రాకినది. అప్పటికింకను మద్రాసు అనబడుచుండిన ఈ నగరమున మేమును ఒక చిన్న గుడి ముందు పాలచెంబుతో వరుసలో నిలిచినవారమే. తొండమునకు తాకించిన చెంచాలోని పాలు మా కన్నులయెదుటనే తగ్గినవి. తరువాత శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి చూపిరి. ద్రవముల తలతన్యత వలన పాలు చెంచా అంచునుండి రాతిమీదికి లాగబడి, పలుచని పొరగా విగ్రహము వెంబడి క్రిందికి జారుచుండెను. మా కన్నులు అబద్ధము చెప్పలేదు. పాలు తగ్గుట నిజమే. త్రాగెనని చెప్పినది మా మనస్సు. తన వీపు తనకు కనబడదు. దానిని చూచి చెప్పుటకు పక్కనొకరు ఉండవలెను. సందేహించువానికి సహవాసము కావలసినది ఇందుకొఱకే.

ఈ నగరమునకు ఇట్టి సభలు క్రొత్తవి కావు. 1882 నుండి 1888 వఱకు ఇచ్చటి మతాతీతవాదులు తమిళమున ‘తత్తువ వివేసిని’ని, ఆంగ్లమున ‘థింకర్’ను ప్రకటించి, శాస్త్రమును ఆచారమును ఒకే త్రాసున తూచుటకు ప్రయత్నించిరి. ఆ సంవత్సరములలోనే అడయారున దివ్యజ్ఞాన సమాజము స్థిరపడినది. మేడమ్ బ్లావట్‌స్కీ వద్దకు అదృశ్య గురువులనుండి జాబులు వచ్చుచున్నవనుటను పరీక్షించుటకై లండనులోని మానసిక పరిశోధన సంఘమువారు 1884లో రిచర్డ్ హాడ్జ్‌సన్ అను యువకుని ఇచ్చటికి పంపిరి. అదంతయు మోసమని ఆయన తేల్చిన నివేదికను వారు 1885లో అచ్చువేసిరి. ఎందఱో దానిని తుదితీర్పుగా గైకొనిరి. కాని 1986లో ఆ సంఘమువారి పత్రికయందే వెర్నన్ హారిసన్ అను దస్తూరీ నిపుణుడు, హాడ్జ్‌సన్ చూపిన ఆధారములు ఆ అభియోగమును ఋజువు చేయజాలవని వ్రాసెను. జాబులు దివ్యములని ఆయన చెప్పలేదు. విచారణ సరిగా జరుగలేదని మాత్రమే చెప్పెను. సందేహించినవానిని సందేహించుటకు నూఱు సంవత్సరములు పట్టినది. ఈ కథను మేము సభలో ఎంతో ఉత్సాహముతో వినిపించితిమి. అయినను అందలి నీతి మాకును వర్తించునని అప్పుడు మాకు తోచలేదు.

ఇక మా మొదటి తప్పు. సభకు ఒక వృద్ధుడు క్రొత్తగా వచ్చుచుండెను. భార్య పోయి రెండేండ్లయినది. ఒక ఆదివారము ఆయన, ఆబ్దికమునాడు పిండము పెట్టగానే కాకి వచ్చి ముట్టినదనియు, తన భార్యయే వచ్చినట్లనిపించినదనియు చెప్పెను. ఒక యువకుడు ఫక్కున నవ్వెను. అన్నము ఎచ్చట పెట్టినను కాకి వచ్చుననియు, మైలాపూరు కాకులకు ఆబ్దికపు లెక్కలు తెలియవనియు చమత్కరించెను. పలువురు నవ్విరి. ఇట్టి వీడియో సభలయందు నడుపువానికొక అధికారము కలదు. మ్యూటు బొత్తాము నొక్కిన ఎవని కంఠమైనను ఆగిపోవును. పూర్వము అధ్యక్షుడు గంటయైనను మ్రోగింపవలసియుండెను. ఇప్పుడు ఒక వ్రేలు చాలును. సభలో వాగ్వాదములు ముదిరినప్పుడు ఎన్నిసార్లో ఆ అధికారమును వినియోగించిన మేము, ఆనాడు వినియోగింపలేదు. సరికదా, మేమును చిఱునవ్వు నవ్వితిమి. తెరమీద ఆ వృద్ధుని ముఖమున్న గడి నల్లబడినది. ఆయన మరల రాలేదు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మఱుసటి వారము సభలో క్రొత్త నియమమొకటి చేసితిమి: ఎవరి విశ్వాసమునైనను, వారుగా చర్చకు పెట్టిననే తప్ప, ముట్టుకొనరాదు. అందఱును హర్షించిరి. మేము చాల సంస్కారవంతులమైతిమని తలచితిమి.

ఆ నియమమే మా రెండవ తప్పునకు త్రోవ తీసినది. కొన్ని నెలల తరువాత ఒక సోదరి మాటల సందర్భమున, చక్కెరవ్యాధితో పదేండ్లుగా ఇన్సులిన్ తీసికొనుచున్న తన భర్త దానిని మాని, ఎవరో ఇచ్చిన చూర్ణమును వాడుచున్నాడనియు, సూదుల బాధ తప్పినదనియు సంతోషముతో చెప్పినది. తెరమీద ఇరువదిమందిమి ఉంటిమి. ఇన్సులిన్ అవసరమైనవాడు దానిని ఒక్కసారిగా మానుట ప్రాణాపాయమని ఎఱుగనివారు మాలో లేరు. ఎవరును నోరు విప్పలేదు. ఆమె దానిని చర్చకు పెట్టలేదు గదా! మేము తరువాతి విషయమునకు పోతిమి. నెల తిరుగకముందే ఆయన ఆసుపత్రిలో చేరెను. పాదమున పుండు ముదిరి ఒక వ్రేలు తీసివేయవలసివచ్చెను. పిమ్మట ఆమె మాకు ఫోను చేసి, ఏడువక, నిందింపక, ఒక్కమాట అడిగినది: “అన్నగారూ, మీకందరికీ తెలిసిన సంగతే గదా, ఒక్కరైనా ఎందుకు చెప్పలేదు?”

ఈ ప్రశ్నకు మావద్ద ఉత్తరము లేకపోయెను. పలుకరానిచోట పలికితిమి, పలుకవలసినచోట మూగనోము పట్టితిమి. ఈ రెండింటికిని నడుమ గీత ఎచ్చట గీయవలెను? హాని కలిగించు విశ్వాసమును ఖండించి, హాని లేనిదానిని విడిచిపెట్టుమని కొందఱు మిత్రులు సూచించిరి. ఆ మాట మంచిదే. కాని ఏది హాని, ఏది కాదు అని నిర్ణయించువారెవరు? ఆ వృద్ధుని మాటను అజ్ఞానమని నిర్ణయించినవారము మేమే గదా!

సిగ్గు విడిచి ఆయన ఇంటికి ఫోను చేసి క్షమాపణ వేడితిమి. ఆయన నెమ్మదిగా ఇట్లనెను: “కాకి ఆకలితో వచ్చిందని నాకు తెలియదా నాయనా? నలభై ఏళ్లు కాకికి ముద్ద పెట్టకుండా ఆవిడ అన్నం ముట్టేది కాదు. ఆ మాట చెబుదామనుకున్నాను. మీరు చెప్పనివ్వలేదు.”

మేము నిశ్చేష్టులమైతిమి. ఆయన దేనిని నమ్మెనని మేము ఎగతాళి చేసితిమో దానిని ఆయన నమ్మనేలేదు. ఆయన చెప్పబోయినది ఆత్మల రాకపోకలను గూర్చిన సిద్ధాంతము కాదు, ఒక ఇల్లాలి నిత్యకృత్యము. ఆధారము లేక దేనిని నమ్మమని గొప్పలు చెప్పుకొను మేము, ఆయన మూఢుడని ఏ ఆధారముతో నమ్మితిమి? “అనగా ఏమండీ?” అని ఒక్క ప్రశ్న అడిగియుండినచో చాలును. అట్లే ఆ సోదరిని “డాక్టరుగారు ఏమన్నారమ్మా?” అని ఒక్క ప్రశ్న అడిగియుండినచో చాలును. ఖండింప నక్కఱలేదు, ఊరకుండ నక్కఱలేదు. ఆ వృద్ధునియెడ జాలియై, ఈ సోదరియెడ రక్షయై ఉండగలిగినది ఒక్కటే, అడుగుట. మేము రెండుచోట్లను అది మానితిమి. సందేహమనగా ప్రశ్నయే గాని ముందుగా సిద్ధము చేసికొన్న సమాధానము కాదని అప్పుడు తెలిసికొంటిమి.

న్యాయసూత్రములు చర్చను మూడు తెఱగులుగా విభజించినవి. సత్యమును తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపుకొఱకు చేయునది జల్పము. తన పక్షమేదియు నిలుపక ఎదుటివాని పక్షమును కూల్చుటయే పనిగా పెట్టుకొన్నది వితండ. సందేహించువారి సభ వాదమునకై పుట్టును. ఏమఱినచో జల్పములోనికి జారి వితండయందు స్థిరపడును. దానికి చిహ్నమొక్కటే: సభలో ప్రశ్నార్థకములు తగ్గి నవ్వులు పెరుగును.

వాదమున కుత్తమోదాహరణము మన తెలుగువారిలోనే కలదు. గోరా యను పేర ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) ఈ నగరమున ప్రెసిడెన్సీ కళాశాలలో వృక్షశాస్త్రము చదివినవారు. నాస్తికత్వమును దాచుకొనక ఉద్యోగములు పోగొట్టుకొని, 1940లో కృష్ణాజిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించిరి. 1947లో అది విజయవాడకు మాఱినది. ఆయన గాంధీమహాత్ముని కలిసికొని దైవమును గూర్చి చర్చించిరి. ఒకరిది అచంచలమైన దైవభక్తి, మఱొకరిది అచంచలమైన నాస్తికత. అయినను ఒకరి నొకరు అడిగిరి, వినిరి. గోరాగారి కుమార్తె మనోరమకును, దళిత కుటుంబమునకు చెందిన అర్జునరావునకును సేవాగ్రామమున తన ఆధ్వర్యమున జరుగవలసిన వివాహమున దైవనామమునకు మాఱుగా సత్యము పేర ప్రమాణము చేయించుటకు గాంధీజీ సమ్మతించెను. 1948 జనవరి 30న ఆయన హతుడయ్యెను. ఆ వివాహము ఆ సంవత్సరము మార్చిలో అచ్చటనే జరిగినది. ఈ చర్చల వృత్తాంతమును గోరాగారు 1951లో ఆంగ్లమున గ్రంథముగా ప్రకటించిరి. గాంధీజీ ఆస్తికుడుగానే గతించెను. గోరాగారు నాస్తికుడుగానే గతించిరి. ఎవరును ఎవరిని ఓడింపలేదు. కాని ఒక పెండ్లిపందిరి క్రింద ఇద్దఱును నిలువదగిన చోటు దొరకినది.

మేము అంతటివారము కాము. మా సభలో ఇప్పుడు చేసికొన్న ఏర్పాటులు రెండే. మొదటిది: ఎవరైన ఒక మాట చెప్పినప్పుడు, దానిని ఒప్పుకొనుటకుగాని కాదనుటకుగాని ముందు, కనీసమొక ప్రశ్న అడుగవలెను, అది పరీక్షించు ప్రశ్న కాదు, తెలిసికొను ప్రశ్న కావలెను. రెండవది: గుమాస్తా బుద్ధి పోనిచ్చుకొనక మేము తెఱచిన తప్పుల చిట్టా. ఫలానా విషయమున పొరబడితినని గ్రహించినవారు తమ తప్పును తామే తేదీతో చెప్పి వ్రాయింతురు. మొదటి రెండు పద్దులును మావే. ఒకరి తప్పును మఱొకరు వ్రాయించుటకు వీలు లేదు.

ఆ సోదరి భర్త ఇప్పుడు క్రమముగా ఇన్సులిన్ తీసికొనుచున్నాడు; అప్పుడప్పుడు సభకు వచ్చి, చూర్ణమును గూర్చి ఎవరైన అడిగినచో తన పాదమును తెరకు చూపును. వృద్ధుడును మరల వచ్చుచున్నాడు. ఆయనను చూచి నవ్విన యువకుడే ఇప్పుడు ఆయన ఫోనులో లింకు తెరచుట ఎట్లో ప్రతి ఆదివారము ఓపికతో చెప్పుచున్నాడు. ఆయన పెరటిలో సాయంకాలము కాకులు గోల చేయును; మాటలు సరిగా వినబడవు. అయినను మేము ఆ బొత్తాము నొక్కుట లేదు.

సంశయాత్ముడు నశించుననుట నిజమే. తన్ను తాను సంశయింపనివాడు నశించును. సంశయము జ్ఞానమునకు వాకిలి యనుటయు నిజమే. అయితే వాకిలి ఉండునది లోనికి పిలుచుటకు గాని, వచ్చినవారిని గెంటివేయుటకు కాదు.