ఇంటి ముఖము ఎవరిది?

కడప నుండి రాజంపేటకు పోవు దారిలో ఒంటిమిట్ట శ్రీ కోదండరామస్వామి ఆలయము యాత్రికులకు దూరమునుండియే గోపుర దర్శనము నొసగును. ఏకశిలయందు సీతాలక్ష్మణ సమేతుడై స్వామి ఇచట వెలసియున్నాడు. 1652లో ఈ ఆలయమును దర్శించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ దీనిని మెచ్చుకొనెను. ఆయన భక్తుడు కాడు, హక్కుదారుడును కాడు, దారిన పోవువాడు. అయినను ఆ కట్టడపు రూపము ఆయనకును ఆనందము పంచినది. కట్టడపు లోపలిభాగము అందుండువారిది. వెలుపలి రూపము చూచువారందరిది.

ఈ ఆలయము భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. 2015 నుండి దీని నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానములది. 1958 నాటి చట్టమునకు 2010లో జరిగిన సవరణ ననుసరించి, ఇట్టి రక్షిత ప్రదేశమునకు నలుదిక్కుల 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణము నిషిద్ధము. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. నిషిద్ధ ప్రాంతమున 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మరమ్మతు చేసికొనవచ్చును గాని, దానికిని అనుమతి ముందుగా పొందవలెను. మిద్దెపై మరొక అంతస్తు లేపుట మరమ్మతు కాదు, నిర్మాణమే. మీరినవారికి రెండేండ్ల వరకు జైలుశిక్షయో, లక్ష రూపాయల వరకు జరిమానాయో, రెండునో విధింపవచ్చును.

ఈ హద్దులోపల తాతలనాటి మట్టిమిద్దె గల గృహస్థు డొకడు ఉన్నాడనుకొందము. వాన కురిసిన మిద్దె కారును. కుమారుని పెండ్లి దగ్గరపడినది. అనుమతి కొరకు వేచియుండక, అతడు వీధి అరుగు తొలగించి, గోడ ముందుకు జరిపి, పైన మరొక గది లేపినాడు. "నా సొమ్ముతో నా ఇల్లు బాగుచేసికొంటిని. ఇందు దేవునికి వచ్చిన లోటేమి?" అని అతని ప్రశ్న. ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. కారు మిద్దె క్రింద తడియునది అతని బిడ్డలే గదా!

దీనికి సమాధానము రామకథలోనే కలదు. తండ్రి యిచ్చిన వరముచేత అయోధ్యారాజ్యము భరతునికి దక్కినది. చట్టప్రకారము అది అతనిదే. అయినను అతడు దానిని తనదనుకొనలేదు. రామపాదుకలను సింహాసనమున నిలిపి, నందిగ్రామమున నుండి, ప్రతి రాజకార్యమును ముందుగా వానికి విన్నవించి నడపినాడు. అట్లని రాజ్యమును ఉన్నదున్నట్లు మూతవేసి కూర్చుండలేదు. రాముడు తిరిగివచ్చునాటికి ధనాగారమును, ధాన్యాగారమును, సైన్యమును పదిరెట్లు పెంచి అప్పగించినాడు. కావున న్యాసముగా భావించుట అనగా మార్పును మానుట కాదు, అడిగి మార్చుట.

శ్రీవైష్ణవులు శేషశేషి భావమని చెప్పునది ఇదియే. ఇల్లు, పొలము, దేహము - సర్వమును స్వామి సొత్తు, మనము కాపుదారులము. ఈ మాట పూజాగదిలో ఒప్పుకొని, వీధిగుమ్మము దాటగానే మరచినచో అది భక్తి కాదు. బ్రహ్మోత్సవములలో రాత్రివేళ జరుగు సీతారాముల కల్యాణమునకు వచ్చిన ముసలివారు ఆ అరుగుమీదనే కదా నడుము వాల్చినది! అరుగు తీసినవాడు తన రాళ్లనే తీసినాడు; పోయినది మాత్రము పరుల విశ్రాంతి.

అయితే ధర్మము ఒకవైపే ఉండదు. అడిగినవానికి సకాలమున బదులు చెప్పుట అధికారి ధర్మము. వాన అర్జీ కొరకు ఆగదు. న్యాయమైన మరమ్మతును జాప్యముతో అడ్డుకొనువాడు గృహస్థుని తప్పునకు తానును భాగస్వామి యగును. ఆ హద్దులలో దేవస్థానమైనను అనుమతి లేక కొత్త కట్టడము లేపరాదు. పెద్దలు పాటించిన నియమమే చిన్నలకు భారము కాదు.

ఆంధ్రవాల్మీకి వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936) టెంకాయచిప్ప చేతబట్టి యాచించి, ఈ ఆలయమునకు జీర్ణోద్ధరణ చేసిరి. ఆ చిప్పలో పడిన కాసులలో ఒక్కటియు తనదని వారు తలపలేదు. ఇల్లు కట్టుకొను ప్రతి గృహస్థుడును తాపీ పట్టుటకు ముందు ఒక్కమారు ఆ చిప్పను తలచుకొన్నచో, తన గోడ ఎంతవరకు తనదో అతనికే తెలియును.