చివరివాడు వచ్చాక

పోయిన సంక్రాంతికి ఇంజనీరింగ్ కాలేజీ స్నేహితులం ఏడుగురం రాజమండ్రిలో కలిశాం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ మర్నాడు సైకిళ్లు తీశాం. ధవళేశ్వరంలో బయల్దేరి, కాలవ గట్టు వెంట కడియం మీదుగా ద్వారపూడి దాకా వెళ్లి, సాయంత్రానికి వెనక్కి రావాలని ప్లాను. పోనూ రానూ నలభై కిలోమీటర్ల చిల్లర. ఎత్తుపల్లాలు లేని దారి. ఒక పక్క నిండుగా పారే కాలవ, ఇంకో పక్క దాళ్వా నాట్లు, కడియం దగ్గరకొస్తే నర్సరీలు. ఇందులో కష్టపడాల్సింది ఏముంటుంది అనుకున్నాను.

కష్టపడినవాడు ఒకడున్నాడు. హాస్టల్లో నాలుగేళ్లు నా రూమ్మేట్. పదేళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన ఉద్యోగం, వాళ్ల బాబాయి దగ్గర అడిగి తెచ్చుకున్న పాత సైకిలు. అంతకు రెండు నెలల ముందు ఆ ఉద్యోగమూ పోయింది. నిజానికి ఈ రైడ్ పెట్టుకుందే వాణ్ణి కాస్త బయటికి లాగడానికి. వాడు చివర ఉంటాడని మా అందరికీ ముందే తెలుసు. అందుకే ఒక నియమం కూడా పెట్టుకున్నాం: ప్రతి నాలుగైదు కిలోమీటర్లకీ ఆగాలి, అందరూ వచ్చాకే కదలాలి. మేం మంచివాళ్లమే అనుకోవడానికి ఆ నియమం సరిపోయింది.

మేం ఆగేవాళ్లం. నీళ్లు తాగేవాళ్లం, ఫొటోలు తీసుకునేవాళ్లం, కాలవలో కాళ్లు పెట్టి కబుర్లు చెప్పుకునేవాళ్లం. దూరంగా వాడు కనబడగానే ఎవరో ఒకరు లేచి ప్యాంటు దులుపుకునేవారు. వాడొచ్చి కాలు నేలకి ఆనించేసరికి, "ఆ, వచ్చేశాడు, పదండ్రా!" అనేవాళ్లం. అలా నాలుగుసార్లు జరిగింది. తర్వాత లెక్క వేసుకుంటే, అందరికన్నా ముందుండే నేను దాదాపు గంటసేపు కూర్చున్నాను. వాడు పది నిమిషాలు కూడా కూర్చోలేదు. అందరికన్నా ఎక్కువ విశ్రాంతి కావాల్సినవాడికి అందరికన్నా తక్కువ దొరికింది. అదీ, అందరం కలిసి వెళ్లాలన్న నియమాన్ని తుచ తప్పకుండా పాటించడం వల్లే.

ద్వారపూడి ఇంకో రెండు మూడు కిలోమీటర్లుందనగా టీ బడ్డీ దగ్గర సైకిలు స్టాండేసి, "మీరు వెళ్లండ్రా, నేనిక్కడే ఉంటా" అన్నాడు. మేం వెళ్లాం. తిరిగొచ్చేసరికి బడ్డీ దగ్గర లేడు, సైకిల్ని ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. రాత్రి ఫోన్ చేస్తే కోపంగా ఏమీ మాట్లాడలేదు. "మీరు నాకోసం ఆగార్రా. నేను ఆగడానికే టైం ఇవ్వలేదు" అన్నాడు, అంతే.

పెళ్లి భోజనంలో ఎవరైనా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దు, చాలు" అంటే మనం ఒక్కసారికి నమ్మం. ఇంకోసారి అడుగుతాం, మొహం చూస్తాం. అంత అలవాటున్నవాళ్లం, గట్టు మీద వాడు "మీరు వెళ్లండి" అన్న మాటని మాత్రం అక్షరాలా తీసుకున్నాం. అది మాకు అనుకూలమైన మాట కాబట్టి.

ఇది ఆలోచిస్తుంటే ఆ కాలవే గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది, ఇప్పుడు దాని స్థానంలో బ్యారేజీ ఉంది. దానికింద మూడు డెల్టాలూ కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతాయి. మోటార్లతో తోడే పని లేదు, వాలుని బట్టి నీళ్లు వాటంతటవే పారతాయి. కానీ వాలుకి న్యాయం తెలియదు. ఎగువ తూములకి ముందు అందుతుంది, ఆఖరున ఉన్న శివారు భూములకి మిగిలింది అందుతుంది. మా అమ్మమ్మగారి ఊరు కాకినాడ వైపు, శివారు ఆయకట్టు. "కాలవ వస్తూనే ఉంటుందిరా, నీళ్లే రావు" అనేవాడు మా మావయ్య. చిన్నప్పుడు అది జోకనుకున్నాను.

దాళ్వాలో గోదావరి తగ్గినప్పుడు ఏం చేస్తారు? వంతులు పెడతారు. కొన్ని రోజులు ఎగువకి తగ్గించి కిందికి వదులుతారు, తర్వాత మళ్లీ పైవాళ్ల వంతు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఎగువ రైతు "నీ కోసం ఎదురుచూస్తున్నా" అంటే శివారు చేలోకి చుక్క రాదు. ఆయన తూము మూయాలి. అంటే ఆయనకి ఎంతో కొంత తగ్గాలి. మా ఆగడంలో మాకు తగ్గిందేమిటి? ఏమీ లేదు, పైగా విశ్రాంతి లాభం. మనకి ఏమీ ఖర్చు కాని దయని ఒకసారి అనుమానించి చూడాలేమో.

జాన్ రాల్స్ 1971లో 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో ఒక పరీక్ష పెట్టాడు: సమాజంలో నీ స్థానం ఎక్కడో నీకు తెలియనప్పుడు ఏ నియమాలకి ఒప్పుకుంటావు? ఆయన మాట్లాడింది సమాజపు పునాదుల గురించి, సైకిళ్ల గురించి కాదు. అయినా ఆ ప్రశ్న గట్టు మీదా పనికొస్తుంది. చివర ఉండేది నేనే కావచ్చు అనుకుంటే "చివరివాడు రాగానే బయల్దేరాలి" అన్న నియమానికి ఒప్పుకునేవాణ్ణా? ఒప్పుకోను. చివరివాడు వచ్చాకే ఆగడం మొదలవ్వాలంటాను.

అయితే అందరూ నెమ్మదైనవాడి వేగంతోనే పోవాలా అని మా గ్యాంగులో ఒకడు వాదించాడు. కొట్టిపారేసే వాదన కాదు. వేగంగా తొక్కడంలో ఉన్న సంతోషం కూడా నిజమైనదే. నేనైతే వాణ్ణే ముందు పెడదాం అన్నాను. దానికి వాడే ఒప్పుకోలేదు: "నా వీపు చూస్తూ ఆరుగురు మెల్లగా తొక్కుతుంటే నాకింకా సిగ్గురా." అదీ నిజమే. వెనకబడటం కన్నా, నీ వల్లే అందరూ వెనకబడ్డారని తెలియడం బరువు.

నాకు తట్టిన దారి మళ్లీ కాలవ దగ్గరే ఉంది. వంతు. దయలో ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఉంటారు, వంతులో ఉండరు. ప్రతి మజిలీకీ ఒకరు చివర తొక్కాలి, వాడి పక్కన, వాడి వేగంతో. మిగతావాళ్లు ఎగిరిపోవచ్చు. చేరాక గడియారం మాత్రం చివరి ఇద్దరూ కూర్చున్నాకే మొదలవ్వాలి. దీంతో వాడి సిగ్గు మొత్తం పోతుందని చెప్పలేను. ఉద్యోగం పోయిన మనిషికి సైకిలు మీద వెనకబడటం సైకిలు గురించి మాత్రమే కాదని కూడా ఇప్పుడు తెలుస్తోంది. ఆ రెండు నెలల్లోనూ మేం వాడికోసం ఆగుతున్నాం అనుకుంటూనే ఎవరి దారిన వాళ్లం తొక్కుకుంటూ పోయాం.

ఈసారి సంక్రాంతికి మళ్లీ వెళ్దామని గ్రూపులో పెట్టాను. కింద "మొదటి మజిలీ చివర నేను" అని రాశాను. తక్కిన ఐదుగురూ సరేనన్నారు. వాడి దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. పండక్కి ఇంకా మూడు వారాలుంది. ఈలోపు ఒకసారి ఫోన్ చెయ్యాలి, సైకిళ్ల గురించి కాకుండా.