ఓకే అంటే అయిందని కాదు

"ఎక్కడున్నావ్?" అని ఫోన్లో అడిగితే "వచ్చేశా, ఐదు నిమిషాలు" అంటాం. అన్నవాడు ఇంకా చెప్పులు కూడా వేసుకుని ఉండడని అడిగినవాడికీ తెలుసు. పని ఎంతవరకు వచ్చిందంటే "అయిపోయిందనుకోండి" అంటాం. అందులో 'అయిపోయింది' మన మాట, 'అనుకోండి' ఎదుటివాళ్ల ఖర్మ. వీటిని నేనెప్పుడూ అబద్ధాల కింద లెక్కెయ్యలేదు. ఇప్పుడూ వెయ్యను గానీ, చూడకుండా చెప్పిన మాట తీరా తప్పని తేలినప్పుడు దాన్ని పొరపాటు అనాలా, అబద్ధం అనాలా అన్న ప్రశ్న మాత్రం కొంతకాలంగా వదలడం లేదు. దాన్ని నాకు తగిలించింది ఒక మోటార్ కంట్రోలర్ బోర్డు.

కుషాయిగూడ దగ్గర మా స్నేహితుడికి ఒక చిన్న షెడ్డు ఉంది. బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్లు తయారుచేస్తాడు. త్రీఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే రైతు టార్చిలైటు పట్టుకుని పాముల గట్ల మీద నడిచి వెళ్లనక్కర్లేకుండా, ఇంట్లోంచే ఫోన్ చేసి మోటారు వేసుకునే పెట్టె అది. అందులోని సర్క్యూట్ బోర్డు మీద విడిభాగాలన్నీ చాలాకాలం చేత్తోనే పెట్టేవాళ్లు. 0603 సైజు రెసిస్టర్ అంటే 1.6 మిల్లీమీటర్ల పొడవు, 0.8 మిల్లీమీటర్ల వెడల్పు. నూకగింజకి తక్కువ. దాన్ని ట్వీజర్‌తో ఎత్తి, సోల్డర్ పేస్ట్ మీద వంకర లేకుండా పెట్టాలి. సాయంత్రానికి కళ్లు మండిపోతాయి.

ఈ పని చేసే యంత్రాన్ని పిక్ అండ్ ప్లేస్ మెషిన్ అంటారు. కంపెనీలవి లక్షల్లో ఉంటాయి. అయితే ఓపెన్‌పీఎన్‌పీ అనే సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్‌తో సహా. లూమెన్‌పీఎన్‌పీ లాంటి మెషిన్ల డిజైన్లు కూడా బహిరంగంగానే ఉన్నాయి. "నువ్వు సాఫ్ట్‌వేరోడివే కదరా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు వాడు. వేశాను.

ఇలాంటి మెషిన్‌లో రెండు బుర్రలుంటాయి. ఒకటి కంప్యూటర్. కెమెరాల్లోంచి చూసి, ఏ భాగాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది అదే. రెండోది మోటార్లను తిప్పే కంట్రోలర్ బోర్డు. దానికి కళ్లు లేవు. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ తీగలో వచ్చే జీ-కోడ్ ఆజ్ఞల్ని ఒక్కొక్కటే చదివి మోటార్లను అన్ని అడుగులు తిప్పడమే దాని పని. ఏ బోర్డు కొనాలన్నదే మొదటి తలనొప్పి. ఎక్స్, వై, జెడ్ మూడు కదలికలు. రెండు నాజిళ్లుంటే ఒక్కోదాన్నీ తిప్పడానికి ఇంకో రెండు. జెడ్‌కి మాత్రం ఒక్క మోటారు చాలు, ఏతంలా ఒక నాజిల్ దిగితే రెండోది లేస్తుంది. వై వైపు రెండు మోటార్లు పెడితే మొత్తం ఆరు. మామూలు 3డి ప్రింటర్ బోర్డుల్లో చాలావాటికి నాలుగో ఐదో డ్రైవర్లే ఉంటాయి. స్మూతీబోర్డ్‌లో పెద్దదానికి ఐదు, డ్యూయెట్ 3లో పెద్దదానికి ఆరు.

మొదట ప్రయోగం కోసం ఇంట్లో పడి ఉన్న ఆర్డుయినో ఊనోలో జీఆర్‌బీఎల్ ఫర్మ్‌వేర్ వేసి, మూడు మోటార్లతో నడిపించాను. కదిలింది. ఆ తర్వాత ఆరు డ్రైవర్లున్న బోర్డు కొని మార్లిన్ ఫర్మ్‌వేర్ ఎక్కించాను. మార్లిన్ పుట్టింది 3డి ప్రింటర్ల కోసం. నాజిల్ తిప్పే మోటారుని మేం దానికి ప్లాస్టిక్ తోసే మోటారుగా పరిచయం చేశాం. అది తిరగనని మొరాయించింది. ఎందుకయ్యా అంటే, ప్లాస్టిక్ 170 డిగ్రీలు వేడెక్కలేదు, చల్లగా ఉండగా తోస్తే చెడిపోతుంది అని దాని భయం. ఇక్కడ ప్లాస్టిక్కూ లేదు, పొయ్యీ లేదు. ఎం302 అనే ఆజ్ఞతో "పర్లేదు, చల్లగానే తిప్పు" అని ఒప్పించాలి. ఆ రాత్రి షెడ్డులో ఇద్దరం పడి పడి నవ్వాం.

లెక్కలు కూడా కుదిరాయి. మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. ఒక్కో అడుగునీ 16 ముక్కలు చేస్తే 3200. 20 పళ్ల పుల్లీ, 2 మిల్లీమీటర్ల బెల్టు అంటే చుట్టుకి 40 మిల్లీమీటర్లు. 3200ని 40తో భాగిస్తే మిల్లీమీటరుకి 80. ఈ 80 ఒక్కటే ఆ బోర్డుకి తెలిసిన ప్రపంచం. ఎన్‌కోడర్ లేదు కాబట్టి, "ఎక్కడున్నావ్?" అని ఎం114తో అడిగితే అది చెప్పేది తానున్న చోటు కాదు, వెళ్లమన్న చోటు. దారిలో బెల్టు జారినా, చెయ్యి అడ్డొచ్చి మోటారు నాలుగు అడుగులు తప్పినా అదే జవాబు, అంతే ధీమాగా.

ఇక ఓకే సంగతి. ప్రతి ఆజ్ఞకీ బోర్డు 'ఓకే' అని బదులిస్తుంది. కదిలే ఆజ్ఞల విషయంలో ఆ ఓకేకి అర్థం పని అయిందని కాదు, ఆజ్ఞ నా వరుసలో చేరింది, తర్వాతిది పంపు అని. నిజంగా ఆగిందో లేదో తెలియాలంటే మార్లిన్‌లో ఎం400 పంపాలి. వరుసలోని కదలికలన్నీ పూర్తయ్యేదాకా బోర్డు నోరు మెదపదు. అప్పుడు ఓకే అంటుంది. మాట అదే. అడిగిన ప్రశ్న వేరు.

నేను చేసిందేమిటంటే, మొదటి ప్రయోగంలో జీఆర్‌బీఎల్‌కి ఎం400 అర్థం కాదు, ఎర్రర్ ఇచ్చింది. దాని తరహాలో వేరే ఆజ్ఞ వెతకాలి. నేను వెతకలేదు. ఆ లైను తీసేసి, కెమెరా ఫొటో తీసే ముందు అర సెకను ఆగేలా పెట్టాను. తాత్కాలికమే. బోర్డు మార్చినప్పుడు సెట్టింగులు పాతవాటి నుంచి ఎత్తి పెట్టాను. ఆ అర సెకనూ వాటితో పాటే వచ్చింది.

నాజిల్ భాగాన్ని ఎత్తే చోటా, వదిలే చోటా గాలి వాల్వుతో పాటు జీ4 అనే ఆగమనే ఆజ్ఞ ఉంది. దానికి మార్లిన్ ముందు కదలికలన్నీ పూర్తి చేసుకునే ఆగుతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది రాలేదు. ఎత్తిన భాగం ఎంత వంకరగా ఉందో కింది కెమెరా ఫొటో తీసి లెక్కేస్తుంది, అక్కడే వచ్చింది. దగ్గర ఫీడర్ నుంచి తెచ్చినవి అర సెకనులో వచ్చి ఆగిపోయేవి. దూరపు ఫీడర్లవి ఆగీ ఆగకముందే, ఇంకా అర మిల్లీమీటరు మిగిలి ఉండగా ఫొటో అయిపోయేది. కదులుతున్నదాన్ని ఆగినదనుకుని, లేని వంకరని కంప్యూటర్ సరిదిద్దేది. అంటే సరిగ్గా ఉన్నదాన్ని చెడగొట్టేది.

ఫీడర్లలో రీళ్లు ఎక్కించడం, వచ్చిన బోర్డుల్ని లెన్స్ కింద చూడడం అక్కడ పనిచేసే ఒకమ్మాయి బాధ్యత. మొదటిరోజే అంది: "సార్, దూరంనించి తెచ్చినవే వంకరగా పడుతున్నై. దగ్గరివి మంచిగనే ఉన్నై." నేను లాగ్ తెరిచి చూశాను. బారుగా ఓకేలు. "మెషిన్ బాగానే ఉందమ్మా. నువ్వు రీలు సరిగ్గా ఎక్కించావా?" అన్నాను. "ఎక్కించిన సార్" అంది. "ఇంకోసారి చూడు" అన్నాను. మా వాడితో ఫోన్లో "సరిచూశాను, మెషిన్‌లో ఏం లేదు" అన్నాను. ఆ మాట పట్టుకుని వాడు ఆ అమ్మాయిని నాలుగు మాటలన్నాడు. నలభై బోర్డుల్ని రెండు రోజులు కూర్చుని ట్వీజర్‌తో తనే సరిచేసింది. ఏ పని తప్పించడానికి ఆ మెషిన్ పెట్టామో, ఆ పనే.

మూడో రోజు వెళ్లి మెషిన్ పక్కన నిలబడి చూశాను. పది నిమిషాలు పట్టింది.

విలియం క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త నమ్మకానికి ఉండాల్సిన నీతి గురించి 1877లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. పాత ఓడ, అనుమానాలున్నాయి, మరమ్మతుకి ఖర్చవుతుంది. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్లొచ్చింది కదా అని తనకు తాను నచ్చజెప్పుకుని, నిజంగానే నమ్మి, జనాన్ని ఎక్కించి పంపుతాడు. ఓడ మునుగుతుంది. నమ్మకం నిజాయితీగలదే కావచ్చు గానీ అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఓడ క్షేమంగా తీరం చేరినా తప్పు తప్పేనట. మొదటిసారి చదివినప్పుడు ఇది మరీ కఠినం అనిపించింది. అన్నీ సరిచూసుకుంటూ కూర్చుంటే బతుకు సాగుతుందా?

సాగదు. మెషినూ సాగదు. ప్రతి కదలికకీ ఎం400 పెడితే అది అడుగడుగునా ఆగి, కుంటుతూ నడుస్తుంది. బోర్డు ముందుచూపుతో వరుస కట్టుకుని సాఫీగా పోవడానికే ఆ తొందర ఓకే ఉంది. దాన్ని కనిపెట్టినవాళ్లు అబద్ధాలకోరులు కారు. అందుకే ఆగాల్సిన చోట మాత్రమే ఆగాలి. ఫొటో ముందు ఆగాలి, ఎందుకంటే అక్కడ బోర్డు చెప్పిన మాట మీద ఇంకొకరు నిర్ణయం తీసుకోబోతున్నారు. మనుషుల్లోనూ గీత ఇక్కడే గియ్యాలేమో. నా నమ్మకం ఖరీదు నేనే కట్టుకునేంతవరకు దాన్ని ఎంత వదులుగా ఉంచుకున్నా నా ఇష్టం. దాని బిల్లు ఇంకొకరికి వెళ్లే చోట ఆగి, లేచి వెళ్లి చూడాలి. "వచ్చేశా" అన్నవాడి కోసం ఐదు నిమిషాలు ఎక్కువ నిలబడ్డా ఎవరి కూడూ పోదు. "మెషిన్‌లో ఏం లేదు" అన్న మాట వల్ల ఒకమ్మాయి మీద నింద పడింది.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మనవాడే, 17వ శతాబ్దం మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు, ఆప్తుడి మాటే ప్రమాణం అంటాడు. చదువు, ఉద్యోగం, తెర మీద పచ్చ అక్షరాలు, వీటి ప్రస్తావన ఆ నిర్వచనంలో లేదు. ఆ షెడ్డులో ఆ రోజు ప్రత్యక్షంగా చూసి, చూసింది చూసినట్టు చెప్పింది ఒక్క మనిషే. కళ్లు లేని బోర్డు ఓకే అంటే నమ్మాను. లెన్స్ కింద చూసి తను ఎక్కించిన అంటే నమ్మలేదు. ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి మాట విలువ తగ్గించడం కూడా ఒక అన్యాయమేనని మిరాండా ఫ్రికర్ 2007లో పుస్తకమే రాసింది. అది నా బుక్‌షెల్ఫులో ఉంది, అక్కడక్కడా పెన్సిల్ గీతలతో సహా.

ఇక మొదటి ప్రశ్న. పొరపాటా, అబద్ధమా? చాలా రోజులు పొరపాటే అని సర్దిచెప్పుకున్నాను. లాగ్‌లో అన్నీ ఓకేలే ఉన్నాయి, నేను లేనిది చెప్పలేదు కదా. కానీ నేనన్న వాక్యంలో రెండు ముక్కలున్నాయి. "మెషిన్‌లో ఏం లేదు" అన్నది మెషిన్ గురించి, అది పొరపాటు. "సరిచూశాను" అన్నది నా గురించి. నేను చూసింది లాగ్. మెషిన్‌ని చూడలేదని ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు. అది అబద్ధం. చూడకుండా చెప్పిన ప్రతి మాటలోనూ ఈ రెండో ముక్క దాక్కుని ఉంటుంది. ప్రపంచం గురించి మనం ఎన్నిసార్లయినా పొరబడొచ్చు. చూశామో లేదో అన్న సంగతిలో మాత్రం పొరబడ్డానికి వీల్లేదు.

తప్పు నాదేనని మా వాడికి ఆ సాయంత్రమే చెప్పాను. "పోన్లేరా, దొరికింది కదా" అన్నాడు. ఆ అమ్మాయికి చెప్పడానికి వారం పట్టింది. ఎం400 అంటే ఏమిటో, అర సెకను ఎక్కణ్నించి వచ్చిందో మొత్తం వివరించుకుంటూ పోయాను. రీలు విప్పుతూనే అంతా విని, "మొదటిరోజే చెప్పిన కదా సార్" అంది.

అవునన్నాను. పక్కన స్టూలు ఖాళీగా ఉంటే కూర్చుని, ఈసారి లాగ్ తెరవకుండా, దూరపు ఫీడర్ వైపు చూస్తూ ఉన్నాను.