పొగ సర్టిఫికెట్టు, ఎనిమిదవ ఆజ్ఞ

పాత కారుకు పొల్యూషన్ సర్టిఫికెట్టు ఏదో ఒక విధంగా తెచ్చుకోవడం పాపమా? అది కూడా పాపసంకీర్తనంలో చెప్పుకోవలసిన సంగతేనా? ఇలా ఎవరైనా అడిగితే మనలో చాలామంది నవ్వి ఊరుకుంటాం. ఒకరి ఇంటికి కన్నం వేశామా, ఒకరి కొంప ముంచామా, ఒక కాగితమే కదా అనుకుంటాం. కాని మన విశ్వాసం ఎక్కువసార్లు ఇటువంటి చిన్న కాగితాల దగ్గరే పరీక్షకు నిలుస్తుంది.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. పెట్రోలు కారైతే ఇంజన్‌ను ఐడిలింగులో ఉంచి, సైలెన్సరులో గొట్టం పెట్టి, వెలువడే వాయువులో కార్బన్ మోనాక్సైడు ఎంత, కాలకుండా మిగిలిన ఇంధనం ఎంత అని కొలుస్తారు. డీజిలు బండైతే యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పొగ చిక్కదనం చూస్తారు. భారత్ స్టేజ్-2 ప్రమాణాలకు ముందు తయారైన పెట్రోలు కారుకు కార్బన్ మోనాక్సైడు 3 శాతం వరకు అనుమతి ఉంది. భారత్ స్టేజ్-4 కారుకైతే 0.3 శాతమే. అంటే ముసలి ఎద్దును కోడెతో సమానంగా దున్నమని చట్టం అనడం లేదు.

రెండు లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు ఆ కొలత కూడా దాటిపోవడానికి కారణాలు చాలావరకు తెలిసినవే. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోవడం, స్పార్క్ ప్లగ్గులు అరిగిపోవడం, కార్బురేటరులో పెట్రోలు మోతాదు ఎక్కువ కావడం, రింగులు అరిగి ఇంజన్ ఆయిలు కాలడం. మొదటి మూడూ కొద్ది ఖర్చుతో బాగయ్యేవే. వాటిని సరిచేయించి, ఇంజన్ బాగా వేడెక్కాక పరీక్షకు తీసుకువెళ్ళడంలో మోసమేమీ లేదు.

తప్పు మరోచోట మొదలవుతుంది. పరీక్ష కోసం మిక్చర్ స్క్రూ బిగించి, అది ముగియగానే మళ్ళీ వదులు చేయించుకోవడం. బండిని పెట్టకుండానే నంబరు చెప్పి, నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి కాగితం తెచ్చుకోవడం. ఇక్కడ మనం కారును బాగుచేయడం లేదు, పరీక్షను పాడుచేస్తున్నాం. 2015లో ఫోక్స్‌వాగన్ కంపెనీ బయటపడిందీ ఇటువంటి పనిలోనే. పరీక్ష జరుగుతోందని కారే గుర్తుపట్టి, అప్పుడు మాత్రమే పొగను అదుపులో పెట్టే ఏర్పాటు ప్రపంచవ్యాప్తంగా దాదాపు 1 కోటి 10 లక్షల డీజిలు కార్లలో ఉందని తేలింది. లోకమంతా ఆ కంపెనీని తప్పుపట్టింది. పరిమాణం సంగతి పక్కన పెడితే, మన స్క్రూ తిప్పుడు అంతకంటె వేరా?

సర్టిఫికెట్టు అంటే సాక్ష్యం. "ఈ బండి పొగ పరిమితికి లోబడే ఉంది" అని సమాజం ముందు మనం చెప్పే మాట. ఆ మాట అబద్ధమైతే అది ఎనిమిదవ ఆజ్ఞకు సంబంధించిన విషయమే. ఐదవ ఆజ్ఞ కూడా దూరంగా లేదు. త్రాగి, లేదా వేగంపై మోజుతో రోడ్డు మీద ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేవారిది ఘోర అపరాధమని 1992 నాటి కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2290) బోధిస్తోంది. పొగ అంత త్వరగా చంపదు, నిజమే. కాని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. మన బండి వదిలింది పీల్చేది కూడలిలో నిలబడిన కానిస్టేబులు, తోపుడుబండి మీద పళ్ళమ్మే తల్లి, బడి గేటు దగ్గరి పసిబిడ్డ. కాలుష్యం వల్ల ఎక్కువగా నలిగేది పేదలేనని 2015లో పోపు ఫ్రాన్సిస్ గారు 'లౌదాతో సీ' విశ్వలేఖలో గుర్తుచేశారు.

మరి పాత కారు నడుపుకొని పొట్ట పోసుకునే డ్రైవరన్న మాటేమిటి? ఇంజన్ పని చేయించాలంటే వేలు కావాలి. బండి ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు. 2019 సవరణ తరువాత చట్టంలో జరిమానా 10,000 రూపాయల వరకు ఉంది. అతని ఇబ్బందిని తేలికగా కొట్టివేయరాదు. లేమి వల్ల అతని అపరాధం తగ్గవచ్చు. పొగ మాత్రం తగ్గదు. బడి గేటు దగ్గరి బిడ్డ కూడా పేదింటి బిడ్డే.

కాబట్టి ఆ భారం అతనొక్కడిదే కారాదు. మన విచారణలలో విన్సెంట్ డి పాల్ సభవారు మందులకు, బిడ్డల ఫీజులకు సాయపడుతున్నారు. ఒక కుటుంబానికి అన్నం పెట్టే బండి మరమ్మతుకు వడ్డీలేని చేబదులు ఇవ్వడం కూడా దయాకార్యమే కదా! ఖర్చు భరించగల స్థితిలో ఉండి కూడా దొడ్డిదారిన కాగితం తెచ్చుకునేవారికి మాత్రం ఏ సాకూ లేదు.

పాపసంకీర్తనం చేసేటప్పుడు ఇకపై ఆ తప్పు చేయనన్న దృఢ సంకల్పం ఉండాలని చిన్ననాడే నేర్చుకున్నాం. పాస్కా పండుగకు ముందు ఒక్కరోజు శుభ్రపడి, మరునాడే పాత దారి పట్టాలనే ఉద్దేశంతో చేసేది పశ్చాత్తాపం అనిపించుకోదు. మన బండి విషయంలోనూ అంతే. ఈసారి సర్టిఫికెట్టు గడువు ఎప్పుడో చూసుకుని, వారం ముందుగానే మెకానిక్కు చూపిద్దాం. అతనితో "పరీక్ష పాసయ్యేలా చెయ్యి" అనకుండా, "పొగ తగ్గేలా చెయ్యి" అందాం.