తండ్రి కొరకు పంపిన బండ్లు

ధ్యాన భాగము: ఆదికాండము 45:21–28



యోసేపు బ్రదికియున్నాడని కుమారులు వచ్చి చెప్పినప్పుడు యాకోబు నమ్మలేదు. ఇరువది యేండ్లకు పైగా చచ్చినాడని యేడ్చిన కొడుకు ఐగుప్తు దేశమును ఏలుచున్నాడనగా ఏ తండ్రి నమ్మును? వారు తెచ్చిన కానుకలు తక్కువవి కావు. పది గాడిదల మీద ఐగుప్తులోని మంచి వస్తువులు, మరి పది ఆడుగాడిదల మీద ధాన్యమును ప్రయాణమునకు కావలసిన ఆహారమును వచ్చెను. వాటిని చూచి ముసలివాని ప్రాణము కుదుటపడెనని లేఖనము చెప్పుట లేదు. తన్ను ఎక్కించుకొని పోవుటకు వచ్చిన బండ్లు చూచినప్పుడే అతనికి నమ్మకము కలిగినదని వ్రాయబడియున్నది.

బండ్లలో ఏమున్నది? మేము ఈ భాగమును ఎన్నో మారులు ప్రసంగించితిమి గాని, మా యింట ముసలితల్లికి నడక కష్టమైన తరువాతనే ఇది మాకు తెలిసినది. యాకోబు కుంటివాడు. యబ్బోకు రేవు యొద్ద రాత్రి పెనుగులాడినప్పుడు అతని తొడగూడు వసిలినది, సూర్యోదయమున కుంటుచు నడిచిపోయెను. ఆ కుంటితనము పోయినదని లేఖనములో ఎక్కడను లేదు. ఇప్పుడు వయస్సు నూట ముప్పది. అట్టివానిని గాడిద మీద కూర్చుండబెట్టి ఐగుప్తునకు తీసికొని పోగలమా? తండ్రి తొడ సంగతి ఎరిగిన కొడుకు మాత్రమే బండి పంపును. ఫరో సెలవిచ్చెను నిజమే, పంపినవాడు యోసేపు. వాటిని చూచిన యాకోబు, 'నా సంగతి తెలిసినవాడెవడో అక్కడ ఉన్నాడు' అని గ్రహించియుండవలెను.

మన తెలుగు బైబిలులో బండ్లు అనియే యున్నది. మన సిద్దిపేట పల్లెలలో ఎద్దులబండి, మోటారు సైకిలు, కారు అన్నియు బండియే గదా. కావున ఈ నెల బండి మాటయే మాట్లాడుకొందము.

మాది తొగుట మండలములోని వేములఘాట్. ఆ ఊరు ఇప్పుడు లేదు. కాళేశ్వరము పథకములో భాగముగా 50 టీఎంసీల నీరు పట్టునట్లు కట్టిన కొమురవెల్లి మల్లన్న సాగరు క్రింద మునిగిన గ్రామములలో మాదియు ఒకటి. 2016లో ఊరివారు మొదలుపెట్టిన రిలే దీక్షలు వందలాది దినములు సాగెను. 2021లో ఇండ్లు విడిచి గజ్వేల్ యొద్దనున్న పునరావాస కాలనీకి వచ్చితిమి. 2022 ఫిబ్రవరి 23న జలాశయమును ప్రారంభించిరి. ఆ న్యాయాన్యాయముల సంగతి ఈ పుటలో వ్రాయబోము. దానిని గూర్చి మా మనస్సులోనున్నది దేవునికి తెలియును.

ఊరిలో ఉన్నప్పుడు మా అమ్మకు బండి అక్కరయే లేదు. ప్రార్థన జరుగు ఇల్లు నాలుగిండ్ల అవతల, చేను చెరువు వెనుక, మాట్లాడుకొను వారందరు ఒక్క గల్లీలోనే. కాలనీలో ఇండ్లు వరుసగా నున్నవి, దారులు వెడల్పుగా నున్నవి, కాని పాత గల్లీ విడిపోయినది. ఆసుపత్రికైనను ఆరాధనకైనను ఆటో పిలువవలెను. ఆటోలో ఎక్కుటకు ఒక కాలు పైకెత్తి, రెండవ కాలు మీద దేహమంతయు మోపవలెను. అమ్మకు రెండు మోకాళ్లును అరిగిపోయినవి. ఆమె మెల్లగా బయటికి వచ్చుటయే మానెను.

అప్పుడు హైదరాబాదులో పనిచేయు మా తమ్ముడును మేమును డబ్బు కూర్చి, అమ్మకు ఒక పాత కారు బహుమానముగా ఇచ్చెదమని తలచితిమి. అమ్మను ఆశ్చర్యపరచవలెనని చెప్పకుండ తెచ్చితిమి. మొదటి తప్పు అదే. తమ్ముడు తెచ్చినది ఎర్రని కారు, నేలకు దగ్గరగా, చూపునకు ముచ్చటగా నుండెను. అమ్మ దానిలో కూర్చొనలేదు, పడినది. దిగునప్పుడు ఇద్దరము రెండు చేతులు పట్టి గుంజితిమి. ఆమె నవ్వుచు, "మంచిగున్నది కొడుకా, బావిల నుంచి తోడినట్టు తోడిన్రు నన్ను" అనెను. ఆ నవ్వు మాకు సిగ్గు తెచ్చినది. కొన్ని నెలలకు కొంత నష్టమునకే దానిని అమ్మివేసితిమి.

అప్పటినుండి కాలనీలోని యౌవనస్థులు, "అయ్యగారూ, మా నాయినకు ఏ బండి తీసుకోవాలె?" అని అడిగినప్పుడు, మొదట నాయినను వెంటబెట్టుకొని పొమ్మని చెప్పుచున్నాము. బండి ఎంత పరుగెత్తునో తరువాత చూడవచ్చును. ముసలివారు తమ మంచము మీద ఏ ఎత్తున సులువుగా కూర్చుందురో, బండి సీటు ఇంచుమించు ఆ ఎత్తుననే యుండవలెను. వారు వెనుకకు తిరిగి ముందు కూర్చుండి, పిమ్మట రెండు కాళ్లు లోనికి తిప్పుకొనగలుగవలెను. అందుకు తలుపు వెడల్పుగా తెరచుకొనవలెను, పైకప్పు తలకు తగలకూడదు, గడప పొడవుగా లేవకూడదు. పైన పట్టుకొనుటకు పిడి యుండవలెను. ఒక్కసారి కాదు, మూడుసార్లు ఎక్కించి దించి చూడవలెను. మొదటిసారి మన మెప్పు కొరకు వారు నొప్పిని దాచుకొందురు.

2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరును పెద్దలు ఇప్పటికిని తలచుకొనుట ఇందుకే. దానిలో ఇంటిలోని సోఫాలో కూర్చున్నట్లుండెడిది. చిన్న కార్లలో 1998లో వచ్చిన సాంట్రో, 1999లో వచ్చిన వ్యాగన్ ఆర్ పైకి ఎత్తుగా కట్టినవి. మేము రెండవసారి తీసికొన్నది పాత వ్యాగన్ ఆర్. చూపునకు డబ్బా వలె నున్నదని తమ్ముడు ఎగతాళి చేసెను. ఇంగ్లీషులో వ్యాగన్ అనగా బండియే, యోసేపు పంపినదియు అదే అని మేము జవాబిచ్చితిమి.

ఎత్తు కుదిరినంత మాత్రమున సరిపోదు, పాతబండిలో మోసములు కలవు. 2020 అక్టోబరులో హైదరాబాదులో వరదలు వచ్చి ఎన్నో కార్లు మునిగెను. అటువంటి బండిని కడిగి మెరుగుపెట్టి అమ్మువారుందురు. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూడుడి, చివర బురద చార కనబడవచ్చును. సీట్ల క్రింది ఇనుప పట్టాలు త్రుప్పుపట్టినవా, క్రింద పరచిన తివాచీ నెత్తినప్పుడు ముక్కవాసన వచ్చుచున్నదా అని చూడుడి. మునిగిన దానిని మునగలేదని చెప్పి మన వంటివారికే అమ్మజూచిన సంగతి విని మాకు కడుపు మండినది. తిరిగిన కిలోమీటర్ల లెక్కను వెనుకకు త్రిప్పవచ్చును, కాని అరిగిన బ్రేకు పెడలు రబ్బరు అబద్ధమాడదు. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2319 అని యున్నయెడల 2019వ సంవత్సరము 23వ వారమున చేసినదని అర్థము. టైరుకు గీతలు ఇంకను లోతుగా నున్నను, ఏండ్లు మీరినదైన యెడల రబ్బరు గట్టిపడి ముసలివారి నడుమునకు ప్రతి గుంతను తెలియజేయును.

కాగితముల విషయమై క్లుప్తముగా చెప్పెదము. ఆర్‌సీలో అప్పు పేరు మిగిలియున్నదేమో చూచి, ఉన్నయెడల బ్యాంకువారి పత్రముతో ఫారము 35 పెట్టించి తీయించవలెను. ఫారము 29, 30 మీద సంతకములు తీసికొని, పేరు మార్పించక మునుపు పూర్తి డబ్బు ఇయ్యరాదు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు తీరిపోవును, తరువాత పరీక్ష చేయించి ఐదేండ్లకు పొడిగించుకొనవలెను. కనుక పదునాలుగేండ్ల బండి చౌకగా వచ్చినదని సంతోషింపకుడి. ఇన్సూరెన్సును కూడ మీ పేరునకు మార్పించుకొనుడి.

ఇంకొక మాట. కొందరు పెద్దలు బండియే వద్దందురు. వారిని బలవంతము చేయవచ్చునా? రెండవ సమూయేలు 19వ అధ్యాయములో బర్జిల్లయి అను గిలాదీయుడున్నాడు. వయస్సు ఎనుబది. దావీదు అతనిని యెరూషలేమునకు రమ్మని, తన యొద్ద పోషించెదనని పిలిచెను. అతడు, నోటికి రుచి తెలియదు, చెవికి పాట వినబడదు, నా తలిదండ్రుల సమాధి యొద్దనే చనిపోనిమ్మని వేడుకొని, యొర్దాను దాటువరకు మాత్రము కొంచెము దూరము రాజుతో నడిచెను. దావీదు అతని మీద కోపపడలేదు. ముద్దుపెట్టుకొని దీవించి పంపెను. తాను ఇవ్వదలచినది పుచ్చుకొనలేదని అలుగు కుమారులను మేము చూచితిమి. వారు దావీదుకంటె గొప్పవారా? యాకోబు ఎక్కినాడు, బర్జిల్లయి ఎక్కలేదు. ఇద్దరును వృద్ధులే, ఇద్దరి మాటయు దేవుని గ్రంథములో గౌరవముగా నున్నది.

ఇక మా స్వంత సంగతి. వ్రాయుటకు కష్టముగా నున్నది గాని, సంఘము ఎదుట దాచుట మంచిది కాదు.

రెండవ బండి 2023లో వచ్చెను. అమ్మ సులువుగా ఎక్కినది, సులువుగా దిగినది. మేము దేవునికి స్తోత్రము చెల్లించితిమి. తమ్ముడు హైదరాబాదు వెళ్లిపోయెను. తాళపుచెవి మా యొద్దనే యుండెను. వారములో మూడు పల్లెలకు వెళ్లవలసిన సేవ మాది. ఎండలో మోటారు సైకిలు మీద పోవుచుండిన మేము, ఒక దినము కారులో పోతిమి. మరుసటి దినము కూడ పోతిమి. తరువాత రోగులను చూచుటకు, కమిటీ కూడికలకు, పెండ్లిండ్లకు ఆ బండిలోనే పోవుచుంటిమి. అమ్మ ఆసుపత్రికి పోవలసిన దినమున బండి మాతో పాటు ఒక పొరుగూరి కూడికలో నుండెను. ఆమె ఆటోలో పోయినది.

సాయంత్రము మేము వచ్చి, సంఘపు పనియమ్మా, ఏమి చేయుదుము అంటిమి. ఆమె మోకాళ్లకు నూనె రాసుకొనుచు, "బండి నాదంటరు, తిరిగేది మీరు. దేవుని పని అన్నంక నేనేమంటా బిడ్డా?" అనెను.

ఆ రాత్రి మార్కు సువార్త 7వ అధ్యాయము తెరచితిమి. తలిదండ్రులకు చెందవలసినది కొర్బాను, అనగా దేవునికి అర్పితమని చెప్పి వారికేమియు చేయనివారిని ప్రభువు గద్దించిన భాగమది. దానిమీద మేము సెమినరీలో పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిమి. పరిసయ్యులను గూర్చి ఎంతో వ్రాసితిమి. కొర్బాను మా యింటి ముందర నాలుగు చక్రముల మీద నిలిచియున్నదని ఆ రాత్రి చూచితిమి. మరునాడు తాళపుచెవిని అమ్మ దిండు క్రింద పెట్టి, ఆమె అడిగినప్పుడే బండి కదలవలెనని ఒప్పుకొంటిమి. మోటారు సైకిలు మరల బయటికి తీసితిమి.

అమ్మ చాల దినములు ఏమియు అడుగలేదు. 2024 ఈస్టరుకు ముందు శనివారమున అడిగెను. "రేపు పొద్దుగాల మీ నాయిన దగ్గరికి తోలుకపో" అనెను.

ప్రియులారా, పునరుత్థాన దినమున తెల్లవారుజామున సమాధుల యొద్దకు దీపములతో పూవులతో పోవుట మన వాడుక. మా నాయిన సమాధి వేములఘాట్‌లో నున్నది. దానిమీద నీరున్నది. యాకోబు తన్ను ఐగుప్తులో పాతిపెట్టవద్దని యోసేపు చేత ప్రమాణము చేయించుకొనెను, యోసేపు రథములతో రౌతులతో పోయి మక్పేలా గుహలో పాతిపెట్టి వచ్చెను. మేము ఎక్కడికి తీసికొని పోగలము? అయినను లేదు అనలేకపోతిమి.

అమ్మను ముందు సీటులో కూర్చుండబెట్టి, నడుము వెనుక చిన్న దిండు పెట్టి, చీకటితో బయలుదేరితిమి. ఏశావు తొందరపెట్టినప్పుడు యాకోబు, పిల్లలును మందలును నడువగలిగినంత మెల్లగానే వచ్చెదనని చెప్పిన మాట ఆ దారి పొడుగునను మా మనస్సులో నుండెను. వెనుకనుండి వచ్చువారు హారను కొట్టి దాటిపోయిరి, పోనిచ్చితిమి. కట్ట చేరువలో, నీరు కనబడు చోట నిలిపి, ఆమె వైపు తలుపు తెరచితిమి. ఆమె దిగలేదు. కాళ్లు మాత్రము బయటికి తిప్పి నేలమీద ఆనించి, సీటులోనే కూర్చుండి చూచుచుండెను. ప్రార్థన చేయుదుమా అని అడుగగా, "నువ్వు చెయ్యి, నేను చూస్త" అనెను. మేము కండ్లు మూసికొని ప్రార్థించితిమి. తెరచినప్పుడు ఆమె చేయి చాచి నీళ్ల మీద ఒక వైపు చూపుచుండెను. "అగో, ఆడ" అని మాత్రమే అనెను. అది సరియైన చోటో కాదో మాకు తెలియదు. తెచ్చిన బంతిపూలు నీటివరకు తీసికొని పోయి వేసి వచ్చితిమి.

సూర్యుడు పైకి వచ్చెను. ఆరాధనకు ఆలస్యమగుచున్నదని మేము గడియారము చూచితిమి, ఆమె చూచెను, చూచి కాళ్లు లోనికి తీసికొనెను. గజ్వేల్ చేరువరకు మాట్లాడలేదు. కాలనీ మలుపులో మాత్రము మా చేయి తట్టి, మన పాత గల్లీలోని ఒక ముసలమ్మ పేరు చెప్పి, "వచ్చే ఆదివారం ఆమె ఇంటికాడ ఆపు. ముందట సీటు ఆమెకియ్యాలె, ఆమె మోకాళ్లు నాకంటె ఎక్కువ నొస్తయి. నేను ఎనుక కూసుంట" అనెను.